చార్జింగ్ పంపు కొనేముందు, కొన్నాక: డయాఫ్రం పంపు సంగతి మొదటి నుంచి చివరి దాకా

వీపు మీద పదహారు లీటర్ల మందుతో మిరపతోట మధ్యలో ఉన్నప్పుడు బ్యాటరీతో నడిచే చార్జింగ్ పంపు మొరాయిస్తే ఆ బాధ కొట్టినవాడికే తెలుసు. మోటారు గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది, గన్ను నుంచి మాత్రం ఉమ్మినట్టు రెండు చుక్కలు వచ్చి ఆగిపోతాయి. గట్టుకు వచ్చి, ట్యాంకు దించి, నాలుగు తట్టి, తిట్టి, చివరికి "మోటారు పోయింది" అని తేల్చేసి కొత్తది కొంటాం. నేను అలా మొదటి రెండు పంపులు పారేశాను. మూడోది పాడైనప్పుడు, ఎలాగూ పారేసేదే కదా అని విప్పి చూశాను. లోపల చిన్న రబ్బరు వాల్వు కింద గోరులో సగం ఉన్న ఎండుటాకు ముక్క ఇరుక్కుని ఉంది, అంతే. దాన్ని తీసి బిగిస్తే పంపు కొత్తదానిలా కొట్టింది. పారేసిన ఆ రెండింటిలో ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి మా చుట్టుపక్కల వాళ్ల పంపులు కూడా విప్పుతున్నాను. ఒక్క మాట ముందే చెప్పేస్తా: ఈ పంపుల్లో మోటారు కాలిపోవడం తక్కువ. వీటిని చంపేది లోపలికి వెళ్లే చెత్త, పీల్చే పైపులో దూరే గాలి, రాత్రంతా లోపలే వదిలేసిన మందు. కొనేటప్పుడు మనం చూసేదేమో మోటారు, డబ్బా మీది పీఎస్ఐ (ఒత్తిడి కొలత). చూడాల్సినవి వేరే ఉన్నాయి, అవే ఇక్కడ రాస్తున్నా.

లోపల ఏముంటుంది

కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చూసే ఉంటారు. పైకి లాగితే గాలి పీల్చుకుంటుంది, నొక్కితే ముక్కులోంచి వదులుతుంది, వచ్చిన దారినే వెనక్కి పోకుండా లోపల ఒక తోలు మూత ఉంటుంది. డయాఫ్రం పంపు అంటే అలాంటి మూడు చిన్న తిత్తులు ఒకే రబ్బరు ముక్కలో పక్కపక్కన ఉండటమే. (కొన్నింటిలో రెండు, పెద్దవాటిలో నాలుగైదు కూడా ఉంటాయి.) మోటారు ఇరుసుకు వంకరగా కూర్చోబెట్టిన బేరింగు ఒకటి ఉంటుంది, అది తిరుగుతుంటే దాని మీది పళ్లెం తిరగకుండా అటూఇటూ ఊగుతుంది, ఆ ఊపుకు తిత్తులు ఒకదాని తర్వాత ఒకటి పీల్చి వదులుతాయి. ప్రతి తిత్తికీ నీళ్లు వచ్చే వాల్వు ఒకటి, పోయే వాల్వు ఒకటి. రెండూ పలచని రబ్బరు బిళ్లలే.

ఇది అర్థమైతే సగం రిపేరు వచ్చినట్టే. పీల్చడం దీని పనే కాబట్టి బావి గట్టు మీది మోనోబ్లాక్ మోటారులా ముందు నీళ్లు పోసి ప్రైమింగ్ చేయక్కర్లేదు. నీళ్లు ఎటు పోవాలన్నది మోటారు కాదు, వాల్వులు చెబుతాయి. అందుకే బ్యాటరీ వైర్లు తిరగేసి కలిపినా మామూలుగా నీళ్లు అదే వైపు వస్తాయి (అలాగని తిరగేసే వాడకండి, సర్క్యూట్ బోర్డు ఉన్న స్ప్రేయర్లలో ఆ బోర్డు కాలుతుంది). ఇక మూడోది, తిత్తి నొక్కితే లోపలి నీళ్లు ఎటో ఒకటు పోయి తీరాలి. గన్ను మూసేస్తే ఒత్తిడి పెరుగుతూనే పోతుంది, అది పైపునో కీలునో పగలగొట్టకముందే ఆపడానికి పంపు నెత్తిన ప్రెషర్ స్విచ్చి పెడతారు. గన్ను వదలగానే మోటారు టక్కున ఆగడం, నొక్కగానే మొదలవడం దాని పనే.

మీ పని ఇదేనా, ముందు అది చూసుకోండి

చార్జింగ్ పంపుల్లో ఉండేది డయాఫ్రమే. ఇంట్లో ఆర్ఓ ఫిల్టరులో బుర్రుమనేదీ డయాఫ్రమే. మిద్దెతోటల వాళ్లు డ్రమ్ములోంచి మొక్కలకు నీళ్లు పెట్టడానికి వాడే పన్నెండు వోల్టుల బుల్లి పంపు కూడా అదే. ట్రాక్టరుకు, ఇంజనుకు తగిలించే హెచ్‌టీపీ మాత్రం వేరే జాతి, అది ప్లంజరు పంపు. దానికి ఆయిలు మార్చాలి, గ్రీజు పెట్టాలి. ఈ వ్యాసం దానికి పనికిరాదు.

ఓవర్‌హెడ్ ట్యాంకు నింపడానికి వీటిని కొనకండి. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే పంపుతో వెయ్యి లీటర్ల ట్యాంకు నిండటానికి 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది, అది కూడా ఎత్తుకు ఎక్కేటప్పుడు ఒక్క చుక్క తగ్గకపోతే. అంతసేపు ఏకబిగిన తిరిగేలా ఈ మోటార్లను తయారు చేయరు. తక్కువ నీళ్లు, ఎక్కువ ఒత్తిడి, మధ్యమధ్యలో ఆపుతూ వాడే పని అయితేనే ఇవి.

డబ్బా మీది పీఎస్ఐ చూసి మోసపోవద్దు

షాపుకు వెళ్లగానే వినిపించే మొదటి మాట, "ఇది 130 పీఎస్ఐ అన్నా, అది వందే." అది పంపు మూతి మూసేసినప్పుడు ఎక్కగలిగే ఒత్తిడి. మందు కొట్టేటప్పుడు మూతి తెరిచే ఉంటుంది కదా! పురుగు మందులకు, తెగులు మందులకు వాడే బోలు శంకువు (హాలో కోన్) నాజిల్‌కు సుమారు 3 బార్లు, అంటే 45 పీఎస్ఐ దగ్గర ఉంటే చాలు. కలుపు మందుకు అంతకంటే తక్కువే మంచిది. ఒత్తిడి పెరిగేకొద్దీ తుంపర పొగలా మారి పక్క చేనుకు పోతుంది.

కాబట్టి లెక్క నాజిల్ దగ్గర మొదలుపెట్టండి. మీ దగ్గరున్న పాత పంపుతోనే గన్నును కొలత గీతలున్న బకెట్లో పెట్టి, ఫోనులో టైమరు పెట్టి, ఒక నిమిషం వదలండి. లీటరున్నర వచ్చిందనుకోండి, మీకు కావలసిన పంపు ఆ ఒత్తిడి దగ్గర అంతకంటే కాస్త ఎక్కువ ఇస్తే చాలు. నాలుగు రంధ్రాల నాజిల్ అయితే ఎక్కువ కావాలి. లేబుల్ మీద నిమిషానికి 5 లీటర్లు అని ఉంటే అది చాలావరకు ఒత్తిడి లేకుండా ఊరికే వదిలినప్పటి లెక్క అనుకోండి, నాజిల్ పెట్టాక అందులో ఎంతో కొంత తగ్గుతుంది.

ఎత్తుకు పంపాలంటే ఇంకో లెక్క. పది మీటర్ల ఎత్తుకు దాదాపు 14 పీఎస్ఐ కేవలం ఎక్కడానికే పోతుంది, మిగిలిందే నాజిల్‌కు దక్కేది.

డబుల్ మోటారు అంటే డబుల్ ఫోర్సు కాదు

దీని మీద మా ఊళ్లో ఎన్నిసార్లు వాదన అయిందో! డబుల్ మోటారు స్ప్రేయర్లో రెండు పంపులూ పక్కపక్కనే పీల్చి ఒకే పైపులోకి వదులుతాయి. పెరిగేది నీళ్లు. చివర అదే సన్న నాజిల్ ఉంటే ఆ ఎక్కువ నీళ్లకు దారి ఉండదు. ఒకే నాజిల్ నుంచి రెట్టింపు నీళ్లు రావాలంటే ఒత్తిడి నాలుగింతలు కావాలి. అంత ఎక్కేలోపే ప్రెషర్ స్విచ్చి ఆపేస్తుంది, వెంటనే ఒత్తిడి పడిపోతుంది, మళ్లీ మొదలు. ఆ టకటకటక శబ్దం విని "ఎంత ఫోర్సో చూడు" అని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. నిజానికి ప్రతి టక్కుకూ స్విచ్చి లోపలి పాయింట్లు కొంచెం కొంచెం కాలుతున్నాయి. పొడవాటి గన్ను, నాలుగైదు నాజిళ్లున్న బూమ్ వాడేవాళ్లకు డబుల్ మోటారు బాగుంటుంది. ఒక్క నాజిల్‌తో మిరపకు కొట్టేవాళ్లకు సింగిల్ చాలు, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

బ్యాటరీ సంగతి కూడా ఇక్కడే. షాపులో 12×8, 12×12 అంటారు, అంటే 12 వోల్టులు, 8 లేదా 12 ఆంపియర్ అవర్లు. పంపు 3 ఆంపియర్లు లాగుతుందనుకుంటే 12×8 కాగితం మీద రెండు గంటల నలభై నిమిషాలు రావాలి. రాదు. ఎందుకంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద రాసే 8 అనేది ఇరవై గంటలపాటు మెల్లగా తీసినప్పటి లెక్క, గబగబా లాగితే అంత ఇవ్వదు. రెండు గంటలు అనుకోండి. నిమిషానికి 1.6 లీటర్ల చొప్పున పదహారు లీటర్ల ట్యాంకు పది నిమిషాలు, అంటే రెండు గంటలకు పన్నెండు ట్యాంకులు. ఎకరం పెద్ద మిరపకు సుమారు 200 లీటర్ల మందు నీళ్లు కొడతాం కాబట్టి ఒక్క చార్జింగుకు ఒక ఎకరం. "ఒక్క చార్జింగుకు ముప్పై ట్యాంకులు" అని ఎవరైనా అంటే ఈ లెక్క వేసి చూపించమనండి. లిథియం బ్యాటరీ తేలిక, చివరిదాకా ఒకే ఊపున ఇస్తుంది, ధర ఎక్కువ. కానీ దాని చార్జరు దానికే, పాత లెడ్ యాసిడ్ చార్జరు తెచ్చి లిథియానికి పెట్టొద్దు.

రబ్బరు ఏది? ఇది ఎవరూ అడగరు

నన్నడిగితే కొనేటప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. లోపలి డయాఫ్రం, వాల్వులు ఏ రబ్బరుతో చేశారు?

ఈపీడీఎం అనే రబ్బరు నీళ్లకు, పలచని ఆమ్లాలకు, క్లోరిన్‌కు బాగా ఆగుతుంది, నూనె తగిలితే మాత్రం ఉబ్బుతుంది. మనం కొట్టే మందుల్లో డబ్బా మీద "ఈసీ" అని ఉండేవాటిలో మందును కరిగించడానికి జైలీన్ లాంటి ద్రావకాలు వాడతారు, వేపనూనె సంగతి చెప్పనక్కర్లేదు. ఉబ్బిన వాల్వు తన గూట్లో సరిగ్గా కూర్చోదు, పంపు తిరుగుతుంది గానీ పట్టు ఉండదు. మందులకైతే విటాన్ వాల్వులు ఉన్నది తీసుకోండి, కాస్త ఖరీదైనా సరే. నైట్రైల్ రబ్బరు నూనెలకు ఫర్వాలేదు గానీ ఎండకు పగుళ్లిస్తుంది. కేవలం నీళ్లకు, మిద్దెతోటకు, ఎక్కువగా జీవామృతం కొట్టేవాళ్లకు ఈపీడీఎం హాయిగా సరిపోతుంది.

షాపువాడికి రబ్బరు పేరు తెలియకపోవచ్చు, డబ్బా లోపలి కాగితంలో ఉందేమో చూడండి. అక్కడా లేకపోతే ఇంకో ప్రశ్న వేయండి: "దీనికి వాల్వు కిట్టు, డయాఫ్రం, ప్రెషర్ స్విచ్చి విడిగా దొరుకుతాయా?" దొరుకుతాయంటే ఆ కిట్టు ఒకటి అప్పుడే కొని ఇంట్లో పెట్టుకోండి. దొరకవంటే ఆ పంపు ఎంత చవకైనా ఒక్క సీజనుకే అనుకుని కొనండి.

బిగించడం (డ్రమ్ము, మిద్దెతోట వాళ్ల కోసం)

స్ప్రేయరు కొన్నవాళ్లు దీన్ని దాటేయొచ్చు, కంపెనీయే బిగించి ఇస్తుంది.

పంపును నీళ్లకు వీలైనంత దగ్గరగా పెట్టండి. పీల్చే పైపు పొట్టిగా, పంపు మూతి కంటే సన్నం కాకుండా ఉండాలి. మీటరు, రెండు మీటర్ల లోతు నుంచి సుఖంగా లాగుతుంది, అంతకు మించితే గింజుకుంటుంది. నెట్టడంలో దీనికి సాటి లేదు, పీల్చడంలోనే ఇబ్బంది. పలచని పారదర్శక గొట్టం ఎండకు మెత్తబడి పీల్చినప్పుడు చదునైపోతుంది, బయటికి చూస్తే ఏమీ తెలియదు, నీళ్లు మాత్రం రావు. లోపల దారం అల్లిన గట్టి పైపు వాడండి. పీల్చే వైపు జల్లెడ తప్పనిసరి, అంగుళానికి 50 రంధ్రాలది సరిపోతుంది. మరీ సన్నది పెడితే అదే అడ్డవుతుంది.

టెఫ్లాన్ టేపు చుట్టలు చుట్టలు వేయకండి. ప్లాస్టిక్ మూతి పగులుతుంది, లేదంటే టేపు పోగు ఊడి నేరుగా వాల్వులోకి వెళ్తుంది. పంపులకు మామూలుగా రబ్బరు వాషరుతోనే సీలు అవుతుంది, చేత్తో బిగించి పావు వంతు తిప్పితే చాలు.

వైరు దగ్గర పిసినారితనం వద్దు. పన్నెండు వోల్టుల దగ్గర సన్న వైరు చేసే నష్టం 230 వోల్టుల దగ్గర అలవాటైన కంటికి కనపడదు. బ్యాటరీ పది మీటర్ల దూరంలో ఉందనుకోండి. పోనురాను కలిపి ఇరవై మీటర్ల రాగి. 1 చదరపు మిల్లీమీటరు వైరులో 5 ఆంపియర్లు పోతే దారిలోనే 1.75 వోల్టులు పోతాయి. పంపుకు పదింపావు మాత్రమే చేరుతుంది. 2.5 వైరు వేస్తే పోయేది 0.7 వోల్టే. ప్లస్ వైరులో, బ్యాటరీ దగ్గరే, లేబుల్ మీద చెప్పిన ఫ్యూజు పెట్టండి.

గన్ను కొంచెమే తెరిచినప్పుడు, సన్న డ్రిప్పర్లు మాత్రమే ఉన్నప్పుడు టకటక కొట్టుకుంటుంటే, నీళ్లు తక్కువ పోతున్నాయని అర్థం. నాజిళ్ల సంఖ్య పెంచండి, లేదా కొంత నీరు టీ జాయింటు వేసి తిరిగి డ్రమ్ములోకి వదలండి. రెండోదే చవక.

రోజూ చేయాల్సింది: చివరి పది నిమిషాలు

మందు కలపడంతోనే మొదలవుతుంది ఇది. పొడి మందులు నేరుగా ట్యాంకులో పోయొద్దు, చిన్న బకెట్లో ముద్దలు లేకుండా కలిపి, గుడ్డతో వడగట్టి పోయండి. జీవామృతమైతే రెండుసార్లు, పాత నూలు చీర మడతలో. పేడలో పీచు ఉంటుంది, పప్పు పిండి జిగురుగా ఉంటుంది, ఈ రెండూ కలిసి వాల్వు కింద చేరితే పిసరంత సందు మిగులుతుంది, దానికే పంపు చేతులెత్తేస్తుంది. ట్యాంకు మూతి దగ్గర ప్లాస్టిక్ జల్లెడ ఇస్తారు కదా, త్వరగా నిండటం లేదని దాన్ని తీసి గట్టు మీద పడేసే మహానుభావులు కొందరున్నారు. రిపేరుకు వచ్చే పంపుల్లో వాళ్లవే ఎక్కువ.

కొట్టడం అయ్యాక రెండు మూడు లీటర్ల మంచినీళ్లు పోసి, ట్యాంకు బాగా కదిపి, గన్ను ద్వారానే వదలండి. ఇలా మూడుసార్లు. ఆ నీళ్లు కాలవలో, చెరువులో, బావి పక్కన కాదు, మందు కొట్టిన చేలోనే వదలాలి. మూడోసారి నీళ్లు అయిపోయాక పది సెకన్లు ఖాళీగా తిరగనివ్వండి, లోపల మిగిలిన నీరు బయటికి వచ్చేస్తుంది. ఆ కాసేపటికి ఏమీ కాదు, కానీ ఖాళీగా ఆన్ చేసి వదిలేసి టీకి వెళ్లొద్దు. తర్వాత మూత తీసి, ట్యాంకు బోర్లించి, నీడన పెట్టండి.

నాజిల్ మూసుకుపోతే పాత పళ్ల బ్రష్షుతో కడగండి. పిన్నుతో పొడిస్తే రంధ్రం పెద్దదై తుంపర పాడవుతుంది. ఇక నోటితో ఊదడం... ఇంకా చాలామంది చేస్తున్నారు, పెద్దవాళ్లు మరీను. పురుగును చంపే మందు అది, నోట్లో పెట్టుకునే వస్తువు కాదు. మీ నాన్న చేస్తుంటే నాజిల్ చేతిలోంచి లాక్కుని బ్రష్షు ఇవ్వండి.

కలుపు మందుకు ట్యాంకు వేరే పెట్టుకోండి. ఇందులో నా సొంత దెబ్బ ఒకటుంది. గట్ల మీద 2,4-డి కొట్టిన ట్యాంకును "బాగానే కడిగాంలే" అనుకుని మూడో రోజున పత్తికి పురుగు మందు పోసి కొట్టాను. వారం తిరిగేసరికి కొత్త ఆకులు వెడల్పు పోయి, ఈనెలు దగ్గరికి ముడుచుకుని, బెండాకులా చీలికలు చీలికలుగా వచ్చాయి. మా బావ చూసి "పత్తి వేశావా, బెండ వేశావా?" అన్నాడు. ఆ మందు ట్యాంకులో కంటే గన్ను పైపు లోపలి గోడకు, డయాఫ్రం మడతల్లో పట్టుకుని ఉంటుంది, పత్తికి ఆ కాస్త చాలు. అప్పటి నుంచి కలుపు పంపు మీద ఎర్ర రంగుతో అడ్డంగా పట్టీ వేసి ఉంచాను.

పాడైతే ఎక్కడ మొదలుపెట్టాలి

విప్పకముందు బయటి నుంచే తేలిపోయేవి చాలా ఉంటాయి.

మోటారు అసలు తిరగకపోతే మొదట బ్యాటరీ. నిండా చార్జి అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మీటరులో 12.7 వోల్టుల దగ్గర చూపాలి. ఊరికే 12.5 చూపించి, పంపు ఆన్ చేయగానే 10 కిందికి పడిపోతే బ్యాటరీ పని అయిపోయింది. అది బాగుంటే ఫ్యూజు, ఆన్-ఆఫ్ స్విచ్చి, ఆ తర్వాత ప్రెషర్ స్విచ్చి. పంపు నెత్తిన ఉన్న దాని రెండు వైర్లు తీసి ఒకదానికొకటి ఒక్క క్షణం తాకించండి. మోటారు తిరిగిందా, పోయింది స్విచ్చే. మందు ఆవిరికి దాని పాయింట్లు పచ్చగా చిలుము పట్టడం మామూలే.

మోటారు తిరుగుతోంది, నీళ్లు లేవు. బొటనవేలి పరీక్ష చేయండి (చేతికి గ్లవ్స్ వేసుకుని). పీల్చే పైపు పంపు దగ్గర ఊడదీసి మూతి మీద వేలు పెట్టి ఆన్ చేయండి. వేలును గట్టిగా లాగితే పంపు నిక్షేపంగా ఉంది, లోపం పైపులోనో జల్లెడలోనో, ఎక్కడో గాలి దూరుతోంది. లాగకపోతే లోపల వాల్వులో చెత్త ఉంది, లేదా డయాఫ్రం చిరిగింది. నాకు తెలిసి సగం పంపులు ఈ పరీక్షతోనే విప్పకుండా బాగవుతాయి.

మోటారుకీ పంపు తలకీ మధ్య నుంచి నీళ్లు కారుతున్నాయంటే డయాఫ్రం చిరిగినట్టే. ఇది చూసి కూడా "ఈ ఎకరం అయిపోనీ" అని కొట్టకండి. ఆ మందు నీళ్లు బేరింగులోకి, అక్కణ్ణుంచి మోటారులోకి దిగుతాయి, కొద్ది డబ్బుతో పోయేది పంపు మొత్తానికి వస్తుంది.

గన్ను వదిలినా మోటారు ఆగదు: ట్యాంకులో మందు ఉందా చూడండి, ఎక్కడైనా కారుతోందా చూడండి, బ్యాటరీ నీరసించిందా చూడండి (నీరసంగా తిరిగితే ఆగాల్సిన ఒత్తిడి దాకా ఎక్కలేదు), అవేవీ కాకపోతే వాల్వు. గన్ను మూసే ఉంది, కానీ రెండు నిమిషాలకోసారి తనంతట తానే బుర్రుమంటోంది: గన్ను దగ్గర చుక్క కారుతోంది, లేదంటే వాల్వు వెనక్కి వదులుతోంది. ప్రెషర్ స్విచ్చి నడి మధ్యలో చిన్న స్క్రూ ఉంటుంది, బిగిస్తే ఆగే ఒత్తిడి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. ముందే దాని జోలికి వెళ్లకండి. వెళ్లినా పావు వంతుకు మించి ఒకేసారి తిప్పకండి.

విప్పి బిగించడం

గంట సమయం, స్టార్ స్క్రూడ్రైవరు, చిన్న ఎలెన్ కీ, తెల్ల పళ్లెం, రబ్బరు గ్లవ్స్ ఉంటే చాలు.

1. మంచినీళ్లతో మూడుసార్లు కడిగి, బ్యాటరీ వైరు తీసేయండి. పంపు పక్కన పెన్నుతో పై నుంచి కింది దాకా ఒక గీత గీయండి. బిగించేటప్పుడు ఈ గీత కలవాలి, లేకపోతే వచ్చే దారి, పోయే దారి తారుమారవుతాయి.

2. ప్రెషర్ స్విచ్చి స్క్రూలు విప్పండి. కింద చిన్న రబ్బరు బిళ్ల, స్ప్రింగు ఉంటాయి. స్ప్రింగు ఎగిరి గడ్డిలో పడితే వెతకడం మీ తలరాత, అందుకే పళ్లెంలో పెట్టి చేయమన్నా.

3. తల స్క్రూలు విప్పి, పొర పొరగా తీయండి. పై మూత, వాల్వు పళ్లెం, డయాఫ్రం. ప్రతి పొరకూ ఫోనులో ఫోటో. ఇది బద్ధకించినవాళ్లే నాకు సగం విప్పిన పంపులు సంచిలో వేసి తెస్తారు.

4. వాల్వు బిళ్లలు ఒక్కొక్కటీ వేలితో లేపి చూడండి. కింద ఇసుక, ఆకు, మందు పొడి గట్టిపడి ఉంటుంది. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు. తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే (మన దగ్గర చాలా బోర్ల నీళ్లు అలాంటివే) గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా నిమ్మ ఉప్పు వేసి అరగంట నానబెట్టండి. కత్తితో గీకొద్దు, ప్లాస్టిక్ మీద చిన్న గీత పడినా అక్కడ లీకే.

5. డయాఫ్రం వెలుతురుకు ఎత్తి, వంచి చూడండి. చిరుగు ఎక్కువగా మడత దగ్గరే మొదలవుతుంది, వంచకపోతే కనపడదు. వాల్వు బిళ్ల ఉబ్బి అంచులు అలల్లా అయితే మార్చేయండి. మారిస్తే అన్నీ ఒకేసారి.

6. కింది భాగం కూడా తీయాల్సి వస్తే ఇరుసు మీద చిన్న ఎలెన్ స్క్రూ ఉంటుంది. బిగించేటప్పుడు అది ఇరుసు మీది చదును వైపే కూర్చోవాలి. గుండ్రని వైపు కూర్చుంటే రెండు రోజుల్లో జారిపోయి, మోటారు తిరుగుతుంది, పళ్లెం ఊగదు.

7. తిరిగి అమర్చేటప్పుడు రబ్బరుకు మోటారు గ్రీజు, ఇంజన్ ఆయిలు రాయొద్దు. సబ్బు నీళ్లు తడి చేస్తే చాలు, ఉంటే సిలికాన్ గ్రీజు.

8. స్క్రూలు ప్లాస్టిక్‌లోకి దిగేవి. పెట్టగానే బిగించకండి. ముందు వెనక్కి, విప్పే వైపు, మెల్లగా తిప్పండి. ఒకచోట చిన్నగా టక్కుమని దిగినట్టు అనిపిస్తుంది, అది పాత మర దొరికిందన్నమాట. అప్పుడు బిగించండి. ఒక మూల, దాని ఎదురు మూల, అలా కొంచెం కొంచెంగా. ఈ ఒక్క చిట్కా తెలియక కొత్త మరలు కోసేసుకుని పట్టు పోయిన పంపులు ఎన్నో.

బిగించాక నీళ్లతోనే నడిపి, గన్ను మూసి తెరిచి, కారుతోందేమో చూసి, అప్పుడే స్ప్రేయరు అడుగున పెట్టండి.

ఆర్ఓ పంపు సంగతి కాస్త

ఇంట్లో ఆర్ఓలో ఉండేది ఎక్కువగా 24 వోల్టుల డయాఫ్రం పంపు. దాని మీద 75 జీపీడీ, 100 జీపీడీ అని ఉంటుంది, అంటే రోజుకు ఎన్ని గ్యాలన్ల నీళ్లిచ్చే మెంబ్రేన్‌కు (వడగట్టే పొరకు) సరిపడేదో. 75 అంటే రోజుకు 284 లీటర్లు, గంటకు పన్నెండు లీటర్ల లోపే. ఇక్కడ నా ఫిర్యాదు ఒకటే: శబ్దం పెరిగి నీళ్లు తగ్గగానే వచ్చినాయన "పంపు పోయింది మేడమ్" అంటాడు. మా అక్క వాళ్లింట్లో అలాగే అని కొత్త పంపు వేసి వెళ్తే, వారంలో మళ్లీ అదే కథ. చూస్తే ముందుండే సెడిమెంట్ ఫిల్టరు బురదతో గట్టిపడి ఉంది, పంపుకు పీల్చడానికి నీళ్లే అందడం లేదు. పంపు మార్చనిచ్చే ముందు మూడు చూడమనండి: సెడిమెంట్ ఫిల్టరు, అడాప్టరు పంపు నడుస్తుండగా 24 వోల్టుల దగ్గర ఇస్తోందా, ట్యాంకు నుంచి వచ్చే నీటి ధార సరిగా ఉందా. ఇవన్నీ బాగుంటే అప్పుడు పంపు. అప్పుడు కూడా చాలా మోడళ్లకు తల ఒక్కటే విడిగా దొరుకుతుంది, అడగండి.

సీజను అయిపోయాక

పంపును బాగా కడిగి, ఖాళీగా కాసేపు తిప్పి, ఎండ తగలని చోట పెట్టండి. రేకుల షెడ్డులో ఎండాకాలమంతా ఉంచితే రబ్బరు ముసలిదైపోతుంది. గన్ను ట్రిగ్గర్ నొక్కి పైపులో మిగిలిన ఒత్తిడి వదిలేయండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే నిండా చార్జి చేసి పెట్టి, నెలకోసారి మళ్లీ చార్జి చేయాలి. ఖాళీగా వదిలితే లోపలి పలకలు గట్టిపడి ఇక చార్జి పట్టవు. చార్జింగ్ పంపుల బ్యాటరీలు చావడానికి ఒక పెద్ద కారణం మార్చి నుంచి జూన్ దాకా అటక మీద పడుకోవడం. లిథియం అయితే సగం చార్జిలో ఉంచండి.

తొలకరికి దించినప్పుడు మందు డబ్బా మూత తీయకముందే మంచినీళ్లతో ఒక ట్యాంకు నిండా కొట్టి చూడండి. వాల్వు బిళ్లలు ఎండి అంటుకుపోయి ఉంటే మొదట పీల్చదు. అలాంటప్పుడు పీల్చే మూతిలో చారెడు నీళ్లు పోసి పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ ఆన్ చేస్తే ఎక్కువసార్లు అందుకుంటుంది. అప్పటికీ అందుకోకపోతే ఇంట్లో కిట్టు ఉండనే ఉంది, మందు ఇంకా కలపలేదు కాబట్టి తొందరేమీ లేదు.